అమ్మ మొక్కిన యాట

పోతిరెడ్డిపల్లి,
12-6-1972

తమ్ముడు మొగులయ్యకు,

నీ అక్క కౌసల్య చేయెత్తి దీవిస్తూ రాస్తున్నది. పటాన్‌చెరు కంపెనీలో పని దొరికిందన్న నీ కార్డు అందింది. వాకిట్లోనే నిలబడి చదివాను. నువ్వు బడి నుంచి వచ్చి బొగ్గుతో గోడ మీద రాసి నేర్పిన అక్షరాలే కదా, చదువుతుంటే నీ గొంతే వినిపించింది.

మాంసం డబ్బాల్లో పెట్టి మిలిట్రీకి పంపే కంపెనీ అని రాశావు. ఊర్లో అందరికీ చెప్పాను. కొందరు మెచ్చుకున్నారు, కొందరు మూతి విరిచారు. "కాపోళ్ల పిలగాడు కటిక పనికి పోయిండా?" అని మన దాయాదే, పాలోళ్ల నర్సింహ, అననే అన్నాడు. "వాన పడకుంటె నీ ఎవుసం ఆగుతది, వాని పని ఆగది" అన్నాను.

అసలు సంగతి ఇది. అమ్మ పోయే ముందు పోచమ్మకు మొక్కిన మాట నువ్వు మరిచిపోలేదనుకుంటాను. "నా కొడుక్కు నౌకరి దొరికితె నీకు యాటనిస్త తల్లీ, వాని చేతుల మీదనే ఇప్పిస్త" అంది. గొల్లవాళ్ల దగ్గర ఒక పొట్టేలు పిల్లను చూసి తెచ్చాను. నల్లగా ఉంటుంది, నుదుట తెల్ల చుక్క. ఆషాఢంలో వచ్చి మొక్కు తీర్చిపో. "కంపెనీల దినాం వందలు కోసేటోనికి ఇదొక లెక్కనా?" అని ఊరంతా నవ్వుతోంది.

మొక్కిన జీవానికి పేరు పెట్టకూడదంటారు కాబట్టి పెట్టలేదు. కానీ నా గొంతు వింటే చాలు, ఎక్కడున్నా ఒళ్లంతా దులుపుకుని పరుగెత్తుకొస్తుంది. తిండి దగ్గర మాత్రం అచ్చం నీలాగే, ఆకలికి ఆగదు. మీ బావ పోయి నేను పుట్టింటికి తిరిగొచ్చినప్పటి నుంచి ఈ ఇంట్లో నువ్వూ నేనే. ఇప్పుడు నువ్వూ లేవు. గోడలతో మాట్లాడటం కంటే దీనితో మాట్లాడటం నయం.

వస్తావని వాకిలి చూసే,
అక్క కౌసల్య


పటాన్‌చెరు,
10-7-1972

అక్కా,

నీ ఉత్తరం చదివి దండం పెట్టుకున్నాను. ఈ ఆషాఢానికి రాలేను. కొత్తగా చేరినవాళ్లకు సెలవు లేదన్నారు. బస్సెక్కితే గంట దూరం, ఉత్తరం చేరడానికి మాత్రం నాలుగు రోజులు. తలచుకుంటే నవ్వొస్తుంది.

ఇక్కడి సంగతి చెబుతాను. పొద్దున్నే సైరన్ కూస్తుంది. మోకాళ్లదాకా రబ్బరు బూట్లు, మెడ నుంచి కాళ్లదాకా తెల్ల కోటు. పెద్ద రేకుల షెడ్డు, పైన ఇనుప పట్టా, దానికి కొక్కేలు. కోసిన గొర్రె ఒక్కొక్కటే వేలాడుతూ కదిలి వస్తుంటుంది, ఎవరి ముందుకొస్తే వాళ్లు తమ పని చేసి ముందుకు తోయాలి. చివర పశువుల డాక్టరు చూసి ఊదా రంగు ముద్ర కొడతాడు. ఆ తర్వాత మంచు అర్ర, మాంసం చెడకుండా ఉంచే గది. అక్కడ ఒక్క నిమిషం నిలబడితే పళ్లు కొట్టుకుంటాయి.

పని కష్టం కాదు, దాని తర్వాతే కష్టం. ఎంత సబ్బు రుద్దినా వాసన పోదు. మొదట అద్దెకు మాట్లాడుకున్న అర్ర వాళ్లు నా పని పేరు వినగానే "ఇంకెవరికో మాటిచ్చినం" అన్నారు. ఇప్పుడు బీహారు నుంచి వచ్చిన వాళ్లతో కలిసి ఉంటున్నాను. వాళ్ల భాష నాకు సగమే వస్తుంది. ఆదివారం బస్సులో రామచంద్రాపురం దాకా ఊరికే పోయి వస్తాను. బస్సు నిండా జనం నిలబడి ఉన్నా నా పక్క సీటు ఖాళీగానే ఉంటుంది.

ఊరు నవ్వుతోందన్నావు, నవ్వనీ. యాటను వచ్చే ఏటిదాకా ఉంచు. ఎదిగితే మొక్కు ఇంకా నిండుగా ఉంటుంది.

నీ తమ్ముడు,
మొగులయ్య


పోతిరెడ్డిపల్లి,
3-11-1972

తమ్మీ,

బాగున్నావా అని అడగను, బాగుంటే ఇంటికి వచ్చేవాడివి. దసరాకూ రాలేదు. జమ్మి ఆకు నీ పేరున తీసి బియ్యం గురిగిలో దాచాను, ఎండిపోయింది.

వానల సంగతి నీకు తెలిసే ఉంటుంది. బావిలో నీళ్లు అడుగంటాయి. చేలన్నీ నెర్రెలిచ్చాయి. లారీల వాళ్లు ఊరి మీదికి వచ్చి ఎంతొస్తే అంతకు గొర్రెల్ని ఎత్తుకుపోతున్నారు. నీ కంపెనీకేనట. మన గుమ్మం ముందు కూడా ఆగారు. "ఇది పోచమ్మది, చెయ్యేస్తె చెయ్యి పడిపోతది" అన్నాను. పారిపోయారు.

దానికి మేత కోసం తుమ్మకాయలు ఏరడానికి కంది ఊరి దాకా నడుస్తున్నాను. ఒక్కోరోజు నా జొన్న గటకలో సగం దానికి పోస్తాను. దేవుని సొమ్ము కదా, చిక్కిపోతే పాపం నాకు చుట్టుకుంటుంది. కొమ్ములు వంపు తిరిగాయి, చూడముచ్చటగా ఉంది. అమ్మ మాట తీర్చకుండా ఇన్నాళ్లు ఉండటం మంచిది కాదు. నీకు ఈ ఊరన్నా ఈ ఇల్లన్నా నామోషీ అయిందా ఏమిటి? అయితే అదే రాసెయ్, ఎదురుచూడటం మానేస్తాను.

కోపంగా ఉన్నా నీ అక్కనే,
కౌసల్య


పటాన్‌చెరు,
20-1-1973

అక్కా,

నామోషీ అన్న మాట ఎందుకు రాశావు? ఇక్కడ నన్ను చూసి జరిగి కూర్చునేవాళ్లు ఉన్నారు గానీ నేను ఎవరినీ చూసి జరిగేంత గొప్పవాణ్ని కాలేదు.

కరువు వచ్చాక కంపెనీలో పగలూ రాత్రీ రెండు పాళీలు నడుస్తున్నాయి. జహీరాబాద్ రోడ్డంతా లారీలే. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్న జీవాలు దిగుతున్నాయి. కొన్నింటి మెడలో ఇంకా గంటలుంటాయి, ఇంట్లో పిల్లలు కట్టినవి. విప్పి ఒక మూల వేస్తాం. అక్కడొక కుప్ప అయింది.

మా షెడ్డులో అందరికంటే ముందు నిలబడేది ఖాజా మియా. పెద్ద మనిషి. కోయబోయే ప్రతి జీవానికీ నీళ్లు తాగిస్తాడు. ఒకటి చూస్తుండగా ఇంకోదాని మీద చెయ్యి వేయడు. వాటి ముందు కత్తి నూరనివ్వడు. "డరీ హుయీ జాన్ నక్కో, అది నీ మీద్కె వస్తది" అంటాడు, బెదిరిన ప్రాణాన్ని తీయొద్దని. మధ్యాహ్నం రొట్టె నాతోనే పంచుకు తింటాడు. ఇక్కడ నాతో పనిగట్టుకుని మాట్లాడే మనిషి అతనొక్కడే.

మొక్కు సంగతి. నాకు సెలవు ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేను. నర్సింహ మన పాలోడే కదా, అతని చేతుల మీదుగా ఇప్పించెయ్. ఎవరి చెయ్యి అయితేనేం, అమ్మవారికి చేరుతుంది. అది అక్కడ నీ గటక తింటూ ఉండటం ఎందుకు?

తమ్ముడు,
మొగులయ్య


పోతిరెడ్డిపల్లి,
18-6-1973

మొగులయ్యకు,

నీ ఉత్తరానికి ఇన్ని నెలలు జవాబు రాయలేదు. ఎవరి చెయ్యి అయితేనేం అన్నావు. నెత్తి మీది మూట దించినట్టు దించెయ్యమన్నావు. రోజూ వందలు చూసేవాడికి ఒకటి ఎంత అనుకున్నావేమో. ఆ పని నిన్ను ఇంత గట్టిపరిచిందని నాకు తెలియదు. ఉత్తరం మడిచి దూలంలో పెట్టాను, మళ్లీ చదవలేదు.

ఆషాఢం దగ్గరికొచ్చింది కాబట్టి చెప్పాలి. ఈ ఏడు నువ్వు రావద్దు. మన పాలోళ్లలో ఒక పెద్దాయన పోయాడు. ఏడాది మైల. మొక్కులు తీర్చకూడదు. నువ్వు వస్తే జనం మొక్కు సంగతి ఎత్తుతారు, కాదనలేక ఇబ్బంది. అందుకని వచ్చే ఏడు చూద్దాం.

ఆరోగ్యం జాగ్రత్త. మంచు అర్రలోకి పోయేటప్పుడు చెవులకు దస్తీ కట్టుకో.

కౌసల్య


పటాన్‌చెరు,
5-7-1973

అక్కకు,

రావద్దన్నావు. అర్థమైంది.

మొన్న సంగారెడ్డి నుంచి వచ్చిన నర్సింహ ఇక్కడి బస్టాండులో కనిపించాడు. పోయినాయన ఎవరని అడిగాను. "ఎవరు పోయిన్రు? అందరు గట్టిగనె ఉన్నరు గదా" అన్నాడు. తర్వాత, "అయినా నువ్వొస్తె పంక్తిల నీ పక్కన ఎవలు కూసుంటరో ఏమొ" అని నవ్వాడు.

మైల అని ఎందుకు రాయాలి అక్కా? ఊరు నన్ను ఒప్పుకోవడం లేదని రాస్తే సరిపోయేది. బస్సులో జనం జరిగినప్పుడు నాకు బాధ లేదు. వాళ్లెవరో నేనెవరో. నువ్వు జరుగుతావని మాత్రం అనుకోలేదు.

నేను రాను. నువ్వూ రాయకు.

మొగులయ్య


పోతిరెడ్డిపల్లి,
2-7-1974

నా తమ్మునికి,

రాయొద్దన్నావు కాబట్టి ఏడాది రాయలేదు. ఆ ఏడాదిలో నాకు చలిజ్వరం వచ్చి మంచాన పడ్డాను. వాకిలి తలుపు తీసే ఉంది, లోపలికి తొంగిచూసే మనిషి లేడు. యాట గడపలో పడుకుని కదల్లేదు. మేతకూ పోలేదు. దాన్ని చూస్తుంటే నీకు నిజం చెప్పకుండా పోతానేమోనని భయం వేసింది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను, ముఖం చెల్లకపోయినా.

పాలోళ్లలో ఎవరూ పోలేదు. నేనే అబద్ధమాడాను. నీ పని కోసం కాదురా. నీ పక్కన ఊరంతా కూర్చోకపోతే నేనొక్కదాన్నే కూర్చుంటాను, అది కూడా తెలియదా నీకు?

దానికి పేరు పెట్టాను. చుక్కోడు. తెచ్చిన వారంలోనే పెట్టాను, నీకు లేదని రాశాను. పొద్దున తలుపు తీసి పిలిస్తే ఒళ్లు దులుపుకుని లేస్తాడు. రోజంతా నా వెనకే. నేను మాట్లాడే మాటలన్నీ వాడితోనే. నువ్వు వస్తే మొక్కు తీర్చాలి, తీరిస్తే వాడు పోతాడు. అందుకని రమ్మని రాస్తూనే, నువ్వు సెలవు లేదని రాసిన ప్రతిసారీ దీపం పెట్టుకున్నాను. తమ్ముడు రాలేదని సంతోషపడే అక్క ఉంటుందా? నేను ఉన్నాను. నర్సింహతో ఇప్పించెయ్ అన్నప్పుడు అందుకే అంత మంట పుట్టింది.

గొర్రె కోసం నిన్ను దూరం చేసుకున్నాను. ఇప్పుడు ఊర్లో గొర్రెలకు రోగం తగిలింది, పడినవి పడినట్టే పోతున్నాయి. చుక్కోడు బాగానే ఉన్నాడు. ఏం చేయాలో తోచక నిన్నే అడుగుతున్నాను.

తిట్టైనా సరే, రాయి.
అక్క


పటాన్‌చెరు,
11-7-1974

అక్కా, నా పిచ్చి అక్కా,

నీ ఉత్తరం షెడ్డు బయట కూర్చుని చదివి, ముందు నవ్వి తర్వాత ఏడ్చాను. ఖాజా మియా వచ్చి "ఏమైంది రా, ఘర్‌ల ఖైరియత్ ఏనా?" అన్నాడు. ఖైరియతే, ఇంట్లో క్షేమమే అన్నాను.

విను. నేను ఇప్పటిదాకా ఒక్క జీవాన్ని కూడా కోయలేదు. మా షెడ్డులో కోసేది ఖాజా మియా ఒక్కడే. దేవుని పేరు తలచి కోసే చెయ్యి వేరు, తర్వాతి చేతులు వేరు. నాది తోలు తీసే పని. నా ముందుకు వచ్చేసరికి అది జీవం కాదు, పని. ఊరంతా నన్ను కోసేవాడనుకుంటే కాదని చెప్పబుద్ధి కాలేదు, అంతే. తీరా నువ్వు యాటను తెచ్చానని రాసిన నాటి నుంచి నాకు అదే దిగులు. పిలిస్తే పరుగెత్తుకొస్తుందని రాశావు చూడు, ఆ ఒక్క ముక్కతో నా చెయ్యి చచ్చుపడింది. నాకు సెలవు లేకపోవడం ఏమీ లేదు. నేను అడగలేదు. నర్సింహ మీదికి తోసింది కూడా ఆ భయంతోనే.

గంట దూరంలో ఉండి రెండేళ్లు ఇద్దరం ఒకే పొట్టేలును కాపాడుతూ ఒకరినొకరు తిట్టుకున్నాం.

ఇక్కడి పోచమ్మ గుడి దగ్గర పూజ చేసే ముసలాయన్ను అడిగాను. చెవి కొసన చిన్న గాటు పెట్టి, ఆ నెత్తురు చుక్క అమ్మ గడపకు రాస్తే మొక్కు తీరినట్టేనట. తర్వాత ఆ జీవం అమ్మది, ఎవరూ ముట్టరు. ఆ పని నా చెయ్యి చేస్తుంది. వచ్చే ఆదివారం కాక ఆ పై ఆదివారం వస్తున్నాను. చుక్కోడికి చెప్పు.

నీ తమ్ముడు,
మొగులయ్య


పోతిరెడ్డిపల్లి,
16-7-1974

మొగులయ్యా,

నీ ఉత్తరం ఇవాళ అందింది. చుక్కోడు మొన్న ఆదివారం పోయాడు.

రోగం తగ్గడం లేదని పెద్దలు మన వాకిట్లోకి వచ్చారు. కిష్టయ్య పటేల్ ముందు నిలబడి, "అమ్మ సొమ్ము ఇంట్ల కట్టేసుకుంటివి. గందుకె ఊరికి గిట్లయింది. ఇగ ఆపొద్దు బిడ్డా" అన్నాడు. నా తమ్ముడు రావాలన్నాను. "రెండేండ్ల సంది వస్తనే ఉన్నడు గదా" అన్నారు. రాకుండా చేసింది నేనే. నర్సింహ పాలోడు కాబట్టి అతని చేతికి కత్తి ఇచ్చారు.

పోచమ్మ ముందు నిలబెట్టి పసుపు నీళ్లు చల్లారు. ఒళ్లు దులిపితే అమ్మ ఒప్పుకున్నట్టు. చుక్కోడు దులపలేదు. మళ్లీ చల్లారు, డప్పు కొట్టారు, చెవిలో నీళ్లు పోశారు. బిగుసుకుని నిలబడ్డాడు, కాళ్లు వణుకుతున్నాయి గానీ దులపలేదు. చివరికి కిష్టయ్యే అన్నాడు, "పొద్దు గుంకేదాక సూద్దం. అప్పటికి గూడ దులపకుంటె అమ్మకు వద్దన్నట్టె. ఇడిసిపెడదం."

ఆ మాట నేను విన్నాను తమ్మీ. నోట్లో కొంగు కుక్కుకుని కూర్చున్నాను. పొద్దు వాలిపోయింది. ఇంకాస్త ఓర్చుకుంటే అయిపోయేది. అప్పుడు వాడు అరిచాడు. చిన్నప్పుడు తల్లి నుంచి విడదీసి తెచ్చిన నాడు అరిచినట్టు అరిచాడు. నా నోరు ఆగలేదు. "ఏం గాదురా చుక్కోడా, నేనీడనె ఉన్న" అన్నాను.

నా గొంతు విన్నాడు. విని, ఎప్పటిలాగే ఒళ్లంతా దులుపుకున్నాడు.

జనం పెద్దగా కేక వేశారు. నర్సింహ వేసిన మొదటి దెబ్బకు పోలేదు. నా తమ్ముడుంటే నొప్పి తెలియకుండా చేసేవాడు కదా అని నిన్నే తలచుకున్నాను. ఇవాళ నువ్వు ఎన్నడూ కోయలేదని రాశావు. మన వాటా అని తలా కాళ్లూ పంపారు. తీసుకెళ్లి పోచమ్మ గడప ముందే పెట్టి వచ్చాను.

రెండేళ్లు కాపాడి నా నోటితోనే పంపాను. ఇంట్లో గొంతు పెకల్చడానికి భయంగా ఉంది. పొద్దున తలుపు తీసి నోరు మూసుకుని నిలబడుతున్నాను.

కౌసల్య


పటాన్‌చెరు,
20-7-1974

అక్కా,

నీ ఉత్తరం మొత్తం ఖాజా మియాకు చదివి చెప్పాను. ఆయన కత్తి పక్కన పెట్టి చేతులు కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. తర్వాత అన్నాడు: "నలభై సాల్‌ల ఎన్నిటికో నీళ్లు తాపిన, మెడ నిమిరిన. ఒక్కటి గూడ నా ఆవాజ్ ఇని ఖుష్ కాలె. మీ అక్క పిలిస్తె దానికి డర్ పోయింది. నేను ఇయ్యలేంది ఆమె ఇచ్చింది. బోల్ ఉస్కో." చెప్పమన్నాడు కాబట్టి రాస్తున్నాను. దీంతో నీ బాధ తీరుతుందని కాదు. నాకూ తీరలేదు.

చెవి గాటు కోసమని చిన్న కత్తి ఒకటి నూరి పెట్టుకున్నాను. దాన్ని ఖాజా మియాకు ఇచ్చేశాను. వట్టి చేతులతో వస్తున్నాను. సెలవు అడగలేదు, పోతున్నానని చెప్పాను. ఈ కార్డు డబ్బాలో వేసి, ఎదురుగా ఆగి ఉన్న సంగారెడ్డి బస్సు ఎక్కుతాను. ఇది నీకు చేరేసరికి నాలుగు రోజులు, నేను చేరేసరికి గంట. పోస్టుమ్యాన్ వచ్చేనాటికి నేను నీ వాకిట్లోనే ఉంటాను. మరి ఎందుకు రాస్తున్నావంటావా? రాయడం తప్ప నీతో మాట్లాడటం మరిచిపోయాను అక్కా. గడపలో నిలబడి నాకు మాట రాకపోతే, ఈ కార్డు వచ్చేదాకా ఓపిక పట్టు.

తలుపు దగ్గర నేను పిలవను. నువ్వే పిలువు. ఎంత మెల్లగా అయినా సరే, పేరు పెట్టి పిలువు.

మొగులయ్య